వయసు మీరిన పెంపుడు కుందేలు - దీర్ఘవ్యాధి చికిత్స

వయసు మీరిన పెంపుడు కుందేలుకు దీర్ఘవ్యాధి సోకినపుడు పూర్తి చికిత్స చేయించడమా, బాధను తగ్గించే సేవతో సరిపెట్టడమా, లేక పశువైద్యుని చేత కారుణ్య మరణం కలిగించడమా అనేది యజమాని, వైద్యుడు కలిసి తీసుకోవలసిన నిర్ణయం. కుక్కలు, పిల్లుల విషయంలో ఉన్నంత అనుభవం కుందేళ్ళ విషయంలో మన పశువైద్యశాలలకు ఉండదు. విజయనగరం జిల్లాలోని బొబ్బిలి వంటి పట్టణాలలో ఆవులు, గేదెలు, గొర్రెలు, మేకలు, కోళ్ళే పశువైద్యుని దైనందిన పని. కాబట్టి ఇక్కడ కుందేలును పెంచే కుటుంబం తానే కొంత విషయం తెలుసుకుని వైద్యుని వద్దకు వెళ్ళవలసి ఉంటుంది.

పేరు, జాతి

కుందేలును సంస్కృతంలో శశము అంటారు. చంద్రునిలోని మచ్చ కుందేలు ఆకారంలో ఉన్నదన్న భావన వలన చంద్రునికి శశాంకుడు అనే పేరు వచ్చింది. తెలుగులో చెవులపిల్లి అనే పేరు కూడా ఉన్నది. ఇళ్ళలో పెంచే కుందేళ్ళు ఐరోపా జాతికి (ఓరిక్టొలాగస్ కునిక్యులస్) చెందినవి. ఎర్ర కళ్ళ తెల్ల కుందేళ్ళలో ఎక్కువ భాగం న్యూజిలాండ్ వైట్ రకానివి లేదా వాటి సంకరాలు. పొలాలలో, కొండవాలులలో కనిపించే అడవి కుందేలు (లీపస్ నైగ్రికోలిస్) వేరే ప్రజాతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ కల్పిస్తున్నది, దానిని పట్టి పెంచడం నేరం. ఈ వ్యాసంలో చెప్పినదంతా పెంపుడు జాతికే వర్తిస్తుంది.

పెంపుడు కుందేలు సాధారణంగా 8 నుండి 12 సంవత్సరాలు జీవిస్తుంది. ఐదారు సంవత్సరాలు దాటిన దానిని వయసు మీరినదిగా పరిగణిస్తారు. రెండు మూడేళ్ళు బ్రతికితే చాలు అనుకొని పిల్లల కోసం కొనేవారు చాలామంది ఉంటారు. కొన్న పిల్లవాడు పై చదువుకు ఊరు విడిచి వెళ్ళే సమయానికి కుందేలు ముసలిదై ఇంటిలో మిగులుతుంది. దాని వైద్యం గురించిన నిర్ణయం అపుడు పెద్దవారి మీద పడుతుంది.

బాధను దాచే ప్రాణి

కుందేలు వేటాడబడే జంతువు. నీరసం పైకి కనబరిస్తే శత్రువు కంట పడుతుంది కనుక నొప్పిని దాచుకొనే స్వభావం దానికి పుట్టుకతో వచ్చినది. కుక్క వలె మూలగదు. మూలన ముడుచుకొని కూర్చోవడం, కళ్ళు సగం మూయడం, పళ్ళు పటపట కొరకడం, శరీరాన్ని నాకి శుభ్రపరచుకోవడం మానివేయడం, పెంటికలు చిన్నవై తగ్గిపోవడం - నొప్పికి ఇవే సూచనలు. "ముసలిదయింది, అందుకే కదలడం లేదు" అని ఇంటివారు అనుకొనే సందర్భాలలో చాలా వరకు అసలు కారణం కీళ్ళ నొప్పి లేదా పంటి నొప్పి అయి ఉంటుంది. వయస్సు వ్యాధి కాదన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి.

నొప్పిని ముఖం చూసి అంచనా వేయడానికి 2012లో కుందేళ్ళ కోసం ఒక కొలమానం ప్రచురించబడింది. దీనిలో కనురెప్పలు బిగుసుకోవడం, బుగ్గలు లోపలికి పోవడం, ముక్కుపుటాల ఆకారం, మీసాల దిశ, చెవుల స్థితి అనే 5 అంశాలను పరిశీలిస్తారు. కుందేలును దూరం నుండి, అది గమనించకుండా చూడాలి. చేతిలోకి తీసుకున్న వెంటనే భయంతో ముఖకవళికలు మారిపోతాయి.

అన్నిటికంటె ముఖ్యమైన సూచన తిండి. కుందేలు ప్రేగులు నిరంతరం కదులుతూ ఉండాలి. అంధనాళంలో సూక్ష్మజీవులు పీచును పులియబెట్టగా ఏర్పడే మెత్తని పెంటికలను కుందేలు తిరిగి తింటుంది. ఇది రోగం కాదు, దాని పోషణలో భాగం. ఏ కారణం చేతనైనా 12 గంటల పాటు ఏమీ తినకపోతే ప్రేగుల కదలిక మందగించి ప్రాణాపాయం ఏర్పడుతుంది. మామూలుగా శరీర ఉష్ణోగ్రత 38.5 నుండి 40 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య ఉంటుంది. అంతకంటె తగ్గి చెవులు చల్లబడితే అది జ్వరం కంటె ప్రమాదకరం. ఆ స్థితిలో మరునాటి వరకు ఆగరాదు.

సాధారణంగా కనిపించే దీర్ఘవ్యాధులు

పంటి వ్యాధి. కుందేలుకు 28 పళ్ళు ఉంటాయి. అవన్నీ జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ముందరి పళ్ళు వారానికి సుమారు 2 మిల్లీమీటర్లు, అంటే సంవత్సరానికి 10 సెంటీమీటర్లకు పైగా పెరుగుతాయి. గడ్డి నమలడం వలన అవి అరుగుతూ సమంగా ఉంటాయి. అన్నం, మరమరాలు, బిస్కట్లు, క్యారెట్లు తిని పెరిగిన కుందేలుకు ఈ అరుగుదల చాలదు. దవడ పళ్ళు పక్కకు పెరిగి నాలుకను, బుగ్గను గీరుతాయి, వేళ్ళు వెనుకకు పెరిగి కన్నీటి నాళాన్ని నొక్కుతాయి, చీముగడ్డలు వస్తాయి. కంటి నుండి ఎడతెగక నీరు కారితే మొదట కంటి చుక్కల మందు వేసి చూస్తారు గాని, పళ్ళను పరీక్షించడం అవసరం.

ముందరి పళ్ళను గోళ్ళు కత్తిరించే కత్తెరతో తుంచడం చాలాచోట్ల జరుగుతున్నది. ఇలా చేస్తే పన్ను నిలువునా చీలి వేరు వరకు దెబ్బ తింటుంది. వాటిని తిరిగే పనిముట్టుతో అరగదీయాలి. మరల మరల పెరిగే కుందేళ్ళకు 6 ముందరి పళ్ళనూ తీసివేయడం శాశ్వత పరిష్కారం. పళ్ళు తీసిన తరువాత కుందేలు గడ్డిని, తరిగిన ఆకులను పెదవులతో అందుకొని దవడ పళ్ళతో నమిలి బాగానే జీవిస్తుంది. దవడ పళ్ళ సంగతి వేరు. వాటిని అరగదీయడానికి ప్రతిసారీ మత్తు ఇవ్వాలి. కొన్ని వారాలకు లేదా నెలలకు ఒకసారి ఈ పని చేయించవలసి వస్తుంది.

మూత్రపిండాల వ్యాధి. ఎన్‌సెఫలైటొజూన్ కునిక్యులై అనే సూక్ష్మజీవి మూత్రపిండాలను, మెదడును దెబ్బ తీస్తుంది. మెడ ఒక వైపుకు వాలిపోవడం, కళ్ళు అదరడం, వెనుక కాళ్ళు బలహీనపడడం దీని లక్షణాలు. మెడ వాలిపోవడానికి చెవి లోపలి చీము కూడా కారణం కావచ్చును కనుక చెవులను కూడా పరీక్షించాలి. ఫెన్‌బెండజోల్ అనే మందును కిలో బరువుకు 20 మిల్లీగ్రాముల చొప్పున 28 రోజుల పాటు ఇవ్వడం ప్రపంచమంతటా అనుసరిస్తున్న పద్ధతి. మెడ వంకర కొంత మిగిలిపోయినా కుందేలు తిని తిరగగలిగితే దానిని బ్రతికించుకోవచ్చును. వంకర మెడను చూడలేక తొందరపడి నిర్ణయం తీసుకోవడం ఇంటివారు చేసే పొరపాట్లలో ఒకటి.

ఇతర జంతువులలో అదనపు కాల్షియం మలం ద్వారా పోతుంది. కుందేలు దానిని ఎక్కువగా మూత్రం ద్వారా విసర్జిస్తుంది. అందువలన మూత్రం తెల్లగా, మడ్డిగా ఉండటం సహజమే. అది పేస్టు వలె చిక్కబడి మూత్రవిసర్జన కష్టమైతే మాత్రం వ్యాధి. మునగాకు, లూసర్న్ వంటి కాల్షియం అధికంగా ఉన్న మేతను పెద్ద వయసు కుందేళ్ళకు తగ్గించాలి. ఆకులలోని వర్ణకాల వలన మూత్రం ఒక్కొక్కసారి ఎర్రగా వస్తుంది. అది రక్తమో కాదో పరీక్షతోనే తేలుతుంది. కుందేలుకు నీరు పెట్టకూడదన్న అపోహ కొందరిలో ఇంకా ఉంది. కిలో బరువుకు రోజుకు 50 నుండి 150 మిల్లీలీటర్ల నీరు దానికి అవసరం. మూత్రపిండాల వ్యాధి ఉన్నదానికి నీటిని దూరం చేయడం విషం పెట్టడంతో సమానం.

గర్భాశయ క్యాన్సర్. గర్భాశయం తీయించని ఆడ కుందేళ్ళలో నాలుగేళ్ళు దాటిన తరువాత ఇది తరచుగా వస్తుంది. కొన్ని రకాలలో 60 శాతం వరకు నమోదైంది. మూత్రంతో పాటు రక్తం పడటం మొదటి సూచన. ఊపిరితిత్తులకు పాకక ముందు శస్త్రచికిత్స చేస్తే నయమవుతుంది. కనుక ముందుగా ఛాతీ ఎక్స్‌రే తీయించాలి. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులలో గడ్డలు కనిపిస్తే కడుపు కోయించడం వలన కుందేలుకు మేలు లేదు.

ఇవిగాక కీళ్ళవాపు, వెన్నుపూసల అరుగుదల, అరికాలి పుండ్లు, పాశ్చురెల్లా బాక్టీరియా వలన వచ్చే విడువని జలుబు కనిపిస్తాయి.

మత్తు వలన అపాయం ఎంత?

ముసలి కుందేలుకు మత్తు ఇస్తే చనిపోతుందని చాలామంది భయపడతారు. ఈ భయానికి కొంత ఆధారం ఉంది. బ్రిటన్‌లో జరిపి 2008లో ప్రచురించిన విస్తృత పరిశీలనలో మత్తు ఇచ్చిన జంతువులలో మరణాలు కుక్కలలో 0.17 శాతం, పిల్లులలో 0.24 శాతం కాగా కుందేళ్ళలో 1.39 శాతంగా తేలాయి. ఆరోగ్యంగా ఉన్న కుందేళ్ళను విడిగా లెక్కిస్తే 0.73 శాతం. అప్పటికే జబ్బుపడిన వాటిలో 7.37 శాతం. అనగా ఆరోగ్యవంతమైన కుందేళ్ళలో 137కు ఒకటి, జబ్బు కుందేళ్ళలో 14కు ఒకటి చనిపోయాయి.

దీనిని దవడ పళ్ళ సమస్యకు అన్వయించి చూడవచ్చును. రెండు నెలలకు ఒకసారి చొప్పున సంవత్సరానికి 6 సార్లు మత్తు ఇవ్వవలసి వస్తే, ఒక్కొక్కసారి అపాయం 1.39 శాతం అనుకుంటే, సంవత్సరం మొత్తం మీద అపాయం సుమారు 8 శాతం అవుతుంది. జబ్బు ముదిరినకొద్దీ ఇది ఇంకా పెరుగుతుంది. మరొక వైపు, పళ్ళు అరగదీయించకపోతే కుందేలు ఆకలితో చనిపోవడం దాదాపు తప్పదు. 8 శాతం అపాయాన్ని దానితో పోల్చి చూడాలి.

ఆ పరిశీలనలో మరణాలు ఎక్కువగా శస్త్రచికిత్స ముగిసిన తరువాతనే సంభవించాయి. కుందేలుకు వాంతి కాదు కనుక మత్తుకు ముందు రాత్రంతా పస్తు ఉంచవలసిన అవసరం లేదు. ఉంచితే హాని. శస్త్రచికిత్స తరువాత వెచ్చగా ఉంచి, నొప్పి మందు ఇచ్చి, కొద్ది గంటలలోనే తిండి మొదలుపెట్టించాలి. కుక్కలకు అలవాటైన పద్ధతిలో "నిన్న రాత్రి నుండి ఏమీ పెట్టకండి" అన్న సలహా వినిపిస్తే యజమాని మర్యాదగా ఈ సంగతి గుర్తు చేయవచ్చును.

ఇవ్వకూడని మందులు

మనుషులకు, కుక్కలకు మామూలుగా వాడే కొన్ని మందులు కుందేలుకు ప్రాణాంతకం. పెన్సిలిన్, ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్, క్లిండమైసిన్, లింకోమైసిన్‌లను నోటి ద్వారా ఇస్తే అంధనాళంలోని మేలు చేసే సూక్ష్మజీవులు నశించి, క్లోస్ట్రిడియం జాతి బాక్టీరియా పెరిగి విషం పుట్టిస్తుంది. చిన్నపిల్లల జ్వరానికి మందుల దుకాణంలో తెచ్చిన అమాక్సిసిలిన్ సిరప్ ఇంటిలో ఉన్నదని కుందేలుకు పోయడం ఈ కారణంగా చాలా ప్రమాదం. కుక్కల గోమార్లకు వాడే ఫిప్రోనిల్ కూడా పనికిరాదు. ఎన్‌రోఫ్లాక్సాసిన్, ట్రైమెథోప్రిమ్-సల్ఫా వంటివి కుందేళ్ళు తట్టుకొంటాయి. మోతాదు మాత్రం బరువును బట్టి వైద్యుడే నిర్ణయించాలి. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం పశువైద్యం చేసే అధికారం నమోదైన పశువైద్యునికే ఉంది.

నిర్ణయం ఎలా తీసుకోవాలి?

మొదట వైద్యుని అడగవలసిన ప్రశ్న: ఈ జబ్బు నయమయ్యేదా, అదుపులో ఉండేదా, ఉపశమనం మాత్రమే సాధ్యమయ్యేదా? ఈ మూడింటిలో ఏదో తెలియకుండా ఖర్చు గురించి మాట్లాడటం వలన లాభం లేదు. రెండవది: చికిత్స ఫలించిందని ఎన్ని రోజులలో, ఏ గుర్తును బట్టి తెలుస్తుంది? దీనికి జవాబు ముందే రాసి పెట్టుకుంటే ఆశతో రోజులు పొడిగించుకుంటూ పోయే పరిస్థితి రాదు.

మూడవ ప్రశ్న ఇంటివారు తమను తాము వేసుకోవలసినది. తినని కుందేలుకు మూడు నాలుగు గంటలకు ఒకసారి సిరంజితో నానబెట్టి రుబ్బిన గడ్డి గుళికలను తినిపించాలి. మూత్రపిండాల వ్యాధికి చర్మం కింద సెలైన్ ఎక్కించాలి. వెనుక కాళ్ళు పడిపోయిన దానిని రోజుకు రెండు మూడు సార్లు శుభ్రం చేయాలి, లేకుంటే ఈగలు వాలి పురుగులు పడతాయి. పగలంతా ఉద్యోగానికి వెళ్ళే ఇంటిలో ఈ సేవ ఎవరు చేస్తారు? చేయలేకపోవడం తప్పు కాదు. చేయలేనిదానిని చేస్తామని ఒప్పుకొని కుందేలును ఇంటికి తెచ్చుకోవడం దానికి కష్టం కలిగిస్తుంది. ఉత్తరాంధ్రలో నీరసపడిన ప్రాణికి చోడి అంబలి పట్టడం అలవాటు. మనుషులకు అది మంచి ఆహారమే గాని, పీచు తక్కువ, పిండి ఎక్కువ కావడం వలన కుందేలు ప్రేగులలో పులిసి ఉబ్బరం తెస్తుంది. గంజి, పాలు కూడా ఇవ్వరాదు. పొట్ట ఉబ్బి గట్టిగా ఉన్నపుడు వైద్యుడు చూడకుండా ఏదీ బలవంతంగా తినిపించకూడదు.

అన్నిటికంటె చిక్కు సమస్య రెండు జబ్బులు ఒకదానికొకటి అడ్డుపడినపుడు వస్తుంది. కీళ్ళ నొప్పికి మెలాక్సికామ్ బాగా పనిచేస్తుంది. అయితే మూత్రపిండాలు దెబ్బతిన్న కుందేలుకు అది ఇంకా హాని చేయవచ్చు. మందు మానితే నొప్పితో కదలదు, కదలక మూత్రంలోనే కూర్చొని పుండ్లు పడతాయి. ఇటువంటప్పుడు రక్తపరీక్షలో క్రియాటినిన్ చూసుకుంటూ మందు కొనసాగించి, తక్కువ కాలమైనా నొప్పి లేకుండా బ్రతకనివ్వడం మేలని చాలామంది వైద్యుల అభిప్రాయం. ఎన్ని రోజులు బ్రతికిందనే లెక్క యజమానికి తెలుసును. కుందేలుకు తెలిసేది ఆ రోజు నొప్పి ఉన్నదా లేదా అనేదే.

జీవన నాణ్యతను కొలవడానికి అమెరికాకు చెందిన పశువైద్యురాలు ఆలిస్ విల్లలోబోస్ 2004లో ఒక పట్టిక రూపొందించారు. నొప్పి, ఆకలి, నీరు, పరిశుభ్రత, ఉల్లాసం, కదలిక, చెడు రోజుల కంటె మంచి రోజులు ఎక్కువగా ఉండటం - ఈ 7 అంశాలకు 10 చొప్పున మార్కులు వేస్తారు. మొత్తం 35 దాటితే సేవ కొనసాగించవచ్చునని ఆమె సూచన. పట్టిక కుక్కలు, పిల్లుల కోసం తయారైనా కుందేళ్ళకూ వాడుతున్నారు. కాని కుందేలు విషయంలో మొత్తం మార్కులను నమ్ముకోరాదు. ఆకలికి సున్న వచ్చి మిగతావన్నీ బాగున్నా అది రెండు రోజులకు మించి బ్రతకడం కష్టం. ఇంటిలోని ఇద్దరు వేరువేరుగా మార్కులు వేసి పోల్చుకుంటే మంచిది. సేవ చేసే వ్యక్తికి, అప్పుడప్పుడు చూసే వ్యక్తికి కనబడేది ఒకటిగా ఉండదు.

వీటితో పాటు వారానికి రెండుసార్లు వంటింటి కాటాలో తూచి బరువు రాసిపెట్టాలి. రెండున్నర కిలోల కుందేలు పావు కిలో తగ్గితే అది 60 కిలోల మనిషి 6 కిలోలు తగ్గినదానితో సమానం. చేతితో నిమిరితే బొచ్చు కింద ఈ తరుగుదల తెలియదు.

బొబ్బిలి ప్రాంతంలో వసతులు

బొబ్బిలికి సమీపంలో చీపురుపల్లి వైపున గరివిడిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన పశువైద్య కళాశాల ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో సంచార పశువైద్య వాహనాలు ప్రారంభమయ్యాయి. వీటిని 1962 నంబరుకు ఫోన్ చేసి పిలుస్తారు. ప్రధానంగా పాడి పశువులు, జీవాల కోసం ఏర్పడిన సేవ ఇది. కుందేళ్ళ దంత చికిత్స, గ్యాస్‌తో ఇచ్చే మత్తు వంటివి కావాలంటే వంద కిలోమీటర్లకు పైగా దూరంలోని విశాఖపట్నం వైపు చూడవలసి వస్తుంది.

ఈ ప్రయాణం కూడా నిర్ణయంలో భాగమే. కుందేలుకు చెమట పట్టదు. చెవుల ద్వారానే వేడిని వదులుకుంటుంది. 30 డిగ్రీలు దాటిన వాతావరణం దానికి కష్టం. ఏప్రిల్, మే నెలలలో మధ్యాహ్నపు బస్సులో తీసుకువెళితే జబ్బు కంటె ముందు వడదెబ్బే చంపవచ్చు. తెల్లవారుజామున బయలుదేరాలి. గాలి ఆడే బుట్టలో అడుగున గోనె పరచి, తినడానికి గరిక పెట్టి, గుడ్డలో చుట్టిన ఐసు నీటి సీసాను ఒక పక్కన ఉంచాలి. జంటగా పెరిగినదైతే రెండవ కుందేలును కూడా వెంట తీసుకువెళ్ళడం వలన భయం తగ్గుతుంది. ప్రతి రెండు వారాలకు ఈ ప్రయాణం అవసరమయ్యే చికిత్స కంటె, స్థానిక వైద్యుడు ఫోన్‌లో నిపుణుని సంప్రదించి చేసే సాధారణ చికిత్స ముసలి కుందేలుకు మేలు కావచ్చు. బరువుల పట్టిక, పెంటికల ఫోటోలు, ఇచ్చిన మందుల పేర్లు దగ్గర ఉంటే స్థానిక వైద్యునికి చాలా సాయపడతాయి.

వృద్ధ జంతువుల సేవ ఈ ప్రాంతానికి బొత్తిగా కొత్తది కాదు. సర్కసుల నుండి విడిపించిన సింహాలు, పులుల కోసం విశాఖపట్నం ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల ఆవరణలో ఒక రక్షణ కేంద్రం ఏర్పాటైంది. సంతానం కలగకుండా చూస్తూ, ముసలితనంలో వాటిని చివరివరకు పోషించడమే ఆ కేంద్రం చేసిన పని.

చట్టం

1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షను ప్రకారం యజమాని జంతువుకు తగిన తిండి, నీరు, నీడ ఇవ్వకపోవడం, ఆకలిదప్పులకు గురయ్యేలా విడిచిపెట్టడం నేరాలు. జబ్బుపడిన కుందేలును తోటలోనో, పొలం గట్టునో వదిలివేయడం దీని కిందకు వస్తుంది. పంజరంలో పెరిగిన కుందేలు కుక్కలకో ముంగిసకో చిక్కడానికి ఒక రాత్రి చాలు. అదే చట్టం 13వ సెక్షను, బ్రతికించి ఉంచడమే క్రూరత్వమయ్యే సందర్భాలు ఉంటాయని గుర్తించింది. జంతువులకు ఆకలిదప్పుల నుండి, అసౌకర్యం నుండి, నొప్పి, వ్యాధుల నుండి, భయం నుండి విముక్తి, సహజ ప్రవర్తనకు స్వేచ్ఛ ఉండాలనే ఐదు సూత్రాలను సుప్రీంకోర్టు 2014 మే 7న జల్లికట్టు కేసు తీర్పులో ప్రస్తావించింది.

కారుణ్య మరణం

ప్రాణం తీయడం పాపమన్న భావన మన కుటుంబాలలో బలంగా ఉన్నది. దీనిని తేలికగా తీసిపారవేయరాదు. అయితే ఆహారం మానివేసిన కుందేలు "దానంతట అది పోతుంది" అని వదిలివేస్తే ఆ చావు నిదురలో వచ్చేది కాదు. ప్రేగులు స్తంభించి, గాలి నిండి, ఒకటి రెండు రోజుల పాటు తీవ్రమైన నొప్పితో సంభవిస్తుంది. సహజ మరణానికే మొగ్గు చూపే కుటుంబం కనీసం నొప్పి మందును ఆపకుండా ఇప్పించాలి. ఇది రెండు పక్షాల వారూ అంగీకరించగలిగిన మార్గం.

కారుణ్య మరణం నిర్ణయిస్తే పశువైద్యుడు మొదట నిద్ర వచ్చే మందు ఇచ్చి, స్పృహ తప్పిన తరువాత మత్తుమందును అధిక మోతాదులో ఎక్కిస్తారు. నొప్పి తెలియదు. ఇంటిలోని నిద్రమాత్రలతో లేదా మరే పద్ధతితోనైనా యజమాని స్వయంగా ప్రయత్నించడం క్రూరమే కాక నేరం కూడా. పిల్లలకు "నిద్రపుచ్చాము" అని చెప్పడం కంటె, జబ్బు నయం కాదని, నొప్పి పడకుండా వైద్యుడు చనిపోనిచ్చారని వయస్సుకు తగినట్లు చెప్పడం మంచిది. లేకుంటే కొందరు పిల్లలు తాము నిద్రపోవడానికే భయపడతారు.

జంట కుందేలు ఉన్నట్లయితే మృతదేహాన్ని కొంతసేపు దాని దగ్గర ఉంచుతారు. అది వాసన చూసి, నాకి, కొంతసేపటికి పక్కకు వెళ్ళిపోతుంది. ఇలా చూడనివ్వని కుందేళ్ళు తోడును వెతుకుతూ తిండి మానివేయడం గమనించబడింది. మిగిలిన కుందేలు తిండిని, పెంటికలను తరువాతి వారం రోజులు జాగ్రత్తగా గమనించాలి. మత్తుమందు అవశేషాలు కుక్కలకు, కాకులకు, గద్దలకు విషం కనుక మృతదేహాన్ని లోతైన గోతిలో పాతి, సున్నం చల్లి, మట్టి కప్పి పైన బరువైన రాయి పెడతారు.